‘థ’ కడుపులో చుక్క కోసం: తిరుపతిలో ఒక పని లాప్‌టాప్ కొనుగోలు

లాప్‌టాప్ కొనడానికి వెళ్లేవారు సాధారణంగా ప్రాసెసర్ ఏ తరానిది, ర్యామ్ ఎంత, ధర ఎంత తగ్గిస్తారు అన్న మూడు ప్రశ్నలు పట్టుకుని వెళ్తారు. నేను ఒక పెన్‌డ్రైవు, ఒక స్టీలు స్కేలు పట్టుకుని వెళ్లాను. పెన్‌డ్రైవులో ఉన్నది ఒకే ఒక పీడీఎఫ్ పేజీ. అందులో పది సెంటీమీటర్ల గీత ఒకటి, దాని కింద పన్నెండు పాయింట్ల అక్షరాలతో కూర్చిన పాతిక మాటలు ఉన్నాయి: కథ, కధ, అర్థం, అర్ధం, విధి, విది, పాఠం, లక్ష్మ్యై, కార్త్స్న్యం, ఇటువంటివి. తెర మీది గీత స్కేలు మీది పది సెంటీమీటర్లకు సరిపోయేదాకా పేజీని పెంచో తగ్గించో, అంటే పుస్తకంలో అచ్చయ్యే అసలు సైజుకు తెచ్చి, రోజూ పనిచేసే దూరంలో కూర్చుని, చత్వారపు అద్దాలలోంచి చూసినప్పుడు ‘థ’ కడుపులోని చుక్క విడిగా కనిపించాలి. కనిపిస్తే ఆ లాప్‌టాప్ గురించి మిగిలిన సంగతులు మాట్లాడుకోవచ్చు. కనిపించకపోతే అది ఎంత వేగంగా పనిచేసినా నాకు అక్కరకు రాదు.

నేను తిరుపతిలో ఇరవయ్యేళ్లుగా పుస్తకాలకు పేజీలు కడుతున్నాను, ప్రూఫులు దిద్దుతున్నాను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం రెండూ ఉన్న ఊరు కనుక సిద్ధాంత వ్యాసాలు ఎక్కువగా వస్తాయి. స్తోత్రాలు, శతకాలు, స్థలపురాణాలు ఏడాది పొడవునా ఉంటాయి, ముహూర్తాల కాలంలో శుభలేఖలు వాటిని పక్కకు నెట్టేస్తాయి. ఇన్నాళ్లూ నా దగ్గర ఉన్నది 15.6 అంగుళాల తెర, 1366×768 చుక్కలు (పిక్సెళ్లు) గల పాత లాప్‌టాప్. ర్యామ్ పెంచి, హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి, బ్యాటరీ మార్పించి, దానిని ఏడేళ్లు లాక్కొచ్చాను. తెర సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. కళ్లు మండితే వయసు మీద వేశాను, తలనొప్పి వస్తే కాఫీ తాగాను.

కిందటి ఏడాది ఒక కథల సంపుటికి పేజీలు కట్టినప్పుడు, ప్రతి పేజీ నెత్తిన వచ్చే శీర్షికలో ‘కథలు’ అని ఉండవలసిన చోట ‘కధలు’ అని పడింది. ఆ శీర్షికను నేను తెర మీద కనీసం నాలుగుసార్లు చూసి ఉంటాను. లేజర్ ప్రింటు తీసి చూడవలసింది, తొందరలో తీయకుండానే పీడీఎఫ్‌ను ప్రెస్సుకు పంపించాను. మొదటి ఫారం పదహారు పేజీలు అచ్చయి వచ్చాక రచయిత ఫోన్ చేసి, “ఏమయ్యా, నా కథల్లో చుక్క ఎవరు దొంగిలించినారు?” అని అడిగారు. ఆయన నవ్వుతూనే అడిగారు కానీ ఆ ఫారానికి మళ్లీ ప్లేట్లు తీయించి, మళ్లీ కాగితం కొని అచ్చు వేయించిన ఖర్చు నా మీదే పడింది. ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అయితే అర్థం సగమైపోతుందని మా వృత్తిలో ఒక పాత పరిహాసం ఉంది. ఆ రోజు అది నాకు పరిహాసంగా వినిపించలేదు. ఇంటికి వచ్చి పాత తెర మీద ‘కథ’, ‘కధ’ అని పక్కపక్కన కొట్టి, అసలు సైజులో పెట్టి, భూతద్దంతో చూశాను. రెండింటి కడుపులోనూ ఒకే రకం బూడిదరంగు మరక కనిపించింది. తప్పు నా కంటిదే అనుకుంటూ వచ్చాను, సగం తప్పు తెరది.

ఇది ఎందుకు జరుగుతుందో లెక్క వేస్తే తేలిపోతుంది. 15.6 అంగుళాల తెర మీద 1366×768 చుక్కలంటే అంగుళానికి దాదాపు 100 చుక్కలు. పన్నెండు పాయింట్లంటే అంగుళంలో ఆరో వంతు కనుక, ఆ సైజు అక్షరానికి పైనుంచి కిందిదాకా దొరికేది సుమారు 17 చుక్కలు. ఇంగ్లీషు అక్షరానికి అంత చోటు ఉంటే గట్టెక్కుతుంది. తెలుగు అక్షరం ఆ 17 చుక్కల్లోనే నెత్తి మీద తలకట్టో గుడో పెట్టుకోవాలి, మధ్యలో తన ఒళ్లు నిలబెట్టుకోవాలి, కింద వత్తును మోయాలి. ఒంటికి మిగిలేది ఆరేడు చుక్కలు. అందులో గీతల మందం పోగా ‘థ’ కడుపులో ఖాళీ రెండు మూడు చుక్కలకు మించదు. ఆ ఖాళీలో మళ్లీ ఒక బొట్టు పెట్టాలంటే దానికి ఒక పూర్తి చుక్క కూడా దక్కదు, చుట్టూ ఉన్న తెలుపుతో కలిసిపోయి బూడిదరంగుగా మారుతుంది. ‘ఠ’కు, ‘ర’కు మధ్య ఉన్న తేడా కూడా ఒక్క బొట్టే. ఇక ‘కార్త్స్న్యం’ వంటి మాట వస్తే కింద వత్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడి, అక్షరం చీమల గుంపులా కనిపిస్తుంది.

అదే 15.6 అంగుళాల తెర 1920×1080 చుక్కలది అయితే అంగుళానికి 141 చుక్కలు వస్తాయి, పన్నెండు పాయింట్ల అక్షరానికి 23 చుక్కల పైచిలుకు దొరుకుతాయి. 16 అంగుళాల తెర మీద 2560×1600 ఉంటే అంగుళానికి 189, అక్షరానికి 31 చుక్కలు. 14 అంగుళాలలో 2880×1800 ఉంటే అంగుళానికి 243, అక్షరానికి 40. మామూలు ఆఫీసు లేజర్ ప్రింటరు అంగుళానికి 600 చుక్కలు వేస్తుంది కనుక ఏ తెరా కాగితానికి సాటి రాదు. కానీ అక్షరానికి ముప్పై చుక్కలు దాటిన తరువాత బొట్టు బొట్టుగా, వత్తు వత్తుగా విడిపోవడం మొదలవుతుందని దుకాణాల్లో స్కేలు పెట్టి చూసినప్పుడు నాకు అర్థమైంది. నా అవసరానికి హద్దు అక్కడ గీసుకున్నాను.

మొదట తిలక్ రోడ్డులో ఒక దుకాణానికి వెళ్లాను. బల్ల మీద వరసగా పద్దెనిమిది లాప్‌టాప్‌లు తెరిచి పెట్టారు. ఒక్కొక్కదాని పక్కన చీటీ ఉంది. చీటీ మీద ప్రాసెసర్ పేరు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ధర ఉన్నాయి. తెర గురించి ఏ చీటీ మీదా ఒక్క మాట లేదు. కౌంటరు దగ్గరున్న అబ్బాయిని రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల లెక్క, ఎంతని అడిగితే, “స్క్రీన్‌దేముంది సార్, అన్నీ ఫుల్ హెచ్‌డీనే గదా. ఇది చూడండి, ఐ5 ఉండాది, పదహారు జీబీ ర్యామ్ ఉండాది, ఇంకేం గావల్ల?” అన్నాడు. అతనిని తప్పుపట్టడానికి లేదు. వచ్చేవాళ్లలో తెర గురించి అడిగేవాళ్లు లేనప్పుడు చెప్పేవాళ్లు మాత్రం ఎందుకు ఉంటారు? నేనే ఒక్కొక్క యంత్రం ముందూ నిలబడి సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే పేజీ తెరిచి చూసుకున్నాను. పదహారింటి మీద 1920×1080 ఉంది, రెండింటి మీద 1920×1200 ఉంది. అంతకు మించి ఆ బల్ల మీద లేదు. నా పీడీఎఫ్ తెరవనివ్వమంటే, వైరస్ వస్తుందని పెన్‌డ్రైవు పెట్టనివ్వలేదు. అది న్యాయమైన అభ్యంతరమే కనుక పేజీని నాకు నేనే మెయిల్ చేసుకుని అక్కడ తెరిచాను. ‘థ’లో చుక్క ఉందని ముందే తెలిసినవాడికి కనిపిస్తుంది, తెలియనివాడికి కనిపించదు. ప్రూఫు చూసేవాడి పని అంతా తెలియనివాడిలా చూడడమే.

అక్కడే మరొక సంగతి గమనించాను. ఒకే ధరలో ఉన్న రెండు యంత్రాలలో ఒకదాని తెర పాలిపోయినట్లు ఉంది. దాని కంపెనీ పత్రం తెరిచి చూస్తే 250 నిట్ల వెలుతురు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగులు అని ఉంది. తెలుగులో చెప్పాలంటే, మామూలు కంప్యూటరు తెర చూపించవలసిన రంగులలో సుమారు మూడింట రెండు వంతులే అది చూపిస్తుంది. శుభలేఖల పని చేసేవాడికి ఇది చిన్న విషయం కాదు. పాత తెర మీద కుంకుమ ఎరుపు ఎప్పుడూ ఇటుక రంగులో కనిపించేది. చాలలేదనుకుని నేను ఎరుపు పెంచేవాడిని. ప్రెస్సు నుంచి కార్డులు వచ్చాక పెళ్లికూతురి తండ్రి, “ఇంత ముదురుగా వద్దంటిమి గదా” అనేవాడు. దోషం సిరాది అని నేను, పీడీఎఫ్‌ది అని ప్రెస్సువాళ్లు ఇద్దరమూ ఏళ్ల తరబడి వాదించుకున్నాం. కాబట్టి నా రెండో హద్దు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, అంటే మామూలు తెర చూపించవలసిన ఆ రంగులన్నీ, మూడోది కనీసం 350 నిట్ల వెలుతురు. నా బల్ల తూర్పు కిటికీ పక్కన ఉంటుంది. తిరుపతి ఎండాకాలం పొద్దున ఎనిమిది గంటలకే 250 నిట్ల తెర మీద అక్షరాల బదులు నా మొహం కనిపిస్తుంది.

లీలామహల్ సెంటర్ దగ్గర రెండో దుకాణంలో గడిపిన అరగంట గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడ ఆటలాడేవాళ్ల కోసం పెట్టిన బరువైన యంత్రాలే ఎక్కువగా ఉన్నాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్తే దొరకనిది ఉండదని మిత్రులు సలహా ఇచ్చారు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి రావచ్చు కానీ, రేపు తెరలో ఏదైనా తేడా వస్తే ఆ దుకాణదారుతో మాట్లాడడానికి మళ్లీ రైలెక్కాలన్న ఆలోచనతో మానుకున్నాను.

ఎయిర్ బైపాస్ రోడ్డులోని మూడో దుకాణంలో నాకు కావలసినవి మూడు రకాలు ఒకే చోట దొరికాయి, వాటిని తీరుబడిగా చూడనిచ్చిన మనిషి కూడా దొరికాడు. సాయంత్రం వేళ, జనం పలచగా ఉన్నప్పుడు రమ్మని ముందే ఫోన్‌లో చెప్పాడు. స్కేలు తీసి తెర మీద పెట్టినప్పుడు నవ్వాడు కానీ, గీత సరిపోయేదాకా పేజీని పెంచిపెట్టింది అతనే. మొదట చూపించింది 14 అంగుళాల ఓలెడ్ తెర, 2880×1800. ఏసస్ జెన్‌బుక్, ఏసర్ స్విఫ్ట్ గో, హెచ్‌పీ పెవిలియన్ ప్లస్ వంటి వాటిలో ఈ సైజు, ఈ రిజల్యూషన్ గల ఓలెడ్ తెరలు కొన్నేళ్లుగా వస్తున్నాయి. అసలు సైజులో పేజీ పెట్టగానే మాట రాలేదు. ‘లక్ష్మ్యై’లో మకారపు వత్తు, యకారపు వత్తు మంచి కాగితం మీద అచ్చయినట్లు విడివిడిగా నిలబడ్డాయి. నలుపు అసలైన నలుపు. పక్కనే ఉన్న మాక్‌బుక్ ఎయిర్ 13.6 అంగుళాల తెర మీద, 2560×1664 చుక్కలు, అంగుళానికి 224, ఇంచుమించు అంతే స్పష్టత ఉంది. అయితే నేను ఇప్పటికీ వదిలించుకోలేని అను అనే తెలుగు ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసిన పుస్తకాలు విండోస్‌నే అడుగుతాయి కనుక ఆపిల్ వైపు మళ్లీ చూడలేదు.

ఓలెడ్‌ను ఎందుకు కొనలేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఎవరిని అడిగినా అదే కొనమంటారు. ఓలెడ్ తెరలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. నల్లని చుక్క ఆరిపోయి ఉంటుంది కనుక సినిమాలు చూసేవాళ్లకు అది వరం. నా తెర మీద రోజుకు పది గంటలు తెల్లని పేజీ ఉంటుంది. అంటే చుక్కలన్నీ పది గంటలు మండుతూనే ఉంటాయి, బ్యాటరీ త్వరగా తగ్గుతుంది. కింద టాస్క్‌బారు, పక్కన పరికరాల పెట్టెలు ఏడాది పొడవునా ఉన్నచోటనే ఉంటాయి. ఓలెడ్ మీద కదలని బొమ్మలు ఏళ్ల తరబడి నిలబడితే వాటి నీడలు శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. దానిని తగ్గించే ఏర్పాట్లు కంపెనీలు చేస్తున్నాయి కానీ, ఒక యంత్రాన్ని ఏడేళ్లు వాడే అలవాటున్న నేను ఆ పందెం కాయదలచుకోలేదు. ఇంకొకటి, చాలా ఓలెడ్ తెరలు వెలుతురు తగ్గించినప్పుడు సెకనుకు వందల సార్లు ఆరి వెలుగుతూ ఉంటాయి. మామూలు కంటికి అది తెలియదు, కొందరికి మాత్రం సాయంత్రానికి కణతలు లాగుతాయి. ఫోన్ కెమెరాలో షట్టర్ వేగం పెంచి ఆ తెర వైపు పెడితే నల్లని పట్టీలు పాకడం నేనే చూశాను. తలనొప్పులు ఉన్నవాడిని కనుక అక్కడితో ఆగిపోయాను. మీకు ఆ బాధ లేకపోతే, పని మధ్యలో రకరకాలుగా మారుతూ ఉంటే, అక్షరం స్పష్టత ఒక్కటే కొలమానం అయితే, నేను చూసిన వాటిలో ఓలెడ్‌ను మించినది లేదు.

చివరికి నేను కొన్నది 16 అంగుళాల ఐపీఎస్ తెర (వెనక దీపం వెలిగే ఎల్‌సీడీ రకం), 2560×1600 చుక్కలు, మెరవని పూత, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 350 నిట్లు గల లాప్‌టాప్. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. జీఎస్‌టీతో కలిపి 88 వేలయింది. 75 వేలు దాటకూడదనుకుని బయలుదేరాను, ఆ పదమూడు వేలూ తెరకు పెట్టినట్లే. కంపెనీ పేరు, మోడల్ పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఒకే మోడల్ పేరు మీద, ఒకే రంగు పెట్టెలో రెండు మూడు రకాల తెరలు అమ్ముతున్నారు. ఆన్‌లైన్‌లో నేను చూసిన ఒకచోట శీర్షికలో 2.5కే (అంటే 2560×1600 వంటి తెర) అని ఉంది, కింద వివరాల్లో 1920×1200 అని ఉంది. మోడల్ పేరు చూసి కొంటే ఏ తెర వస్తుందో చెప్పలేము. పెట్టె మీద చిన్న అక్షరాలలో ఉండే పూర్తి పార్ట్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో వెతికి, ఆ నంబరుకు ఏ ప్యానెల్ ఇచ్చారో చూసుకున్న తరువాతే డబ్బు కట్టాలి. లెనోవో అయితే పీఎస్‌ఆర్‌ఈఎఫ్ అనే పేరుతో ఈ వివరాలన్నీ విడిగా పెడుతుంది, వెలుతురు ఎన్ని నిట్లో, రంగులు ఎంత శాతమో అందులో వరసగా ఉంటాయి.

పెట్టె విప్పాక బిల్లు కొట్టకముందే రెండు పరీక్షలు చేయించుకున్నాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు బొమ్మలు ఒక్కొక్కటి తెర నిండా పెట్టి, చచ్చిపోయిన చుక్క ఎక్కడైనా ఉందేమో చూడడం మొదటిది. ఐపీఎస్ తెరలలో అంచుల నుంచి వెలుతురు కారే జబ్బు ఉంటుంది కనుక, చీకట్లో నల్లని బొమ్మ పెట్టి చూడడం రెండోది. దుకాణంలో చీకటి ఎక్కడిది అనుకుంటుండగా ఆ మనిషి లైట్లు ఆర్పి, షట్టర్ సగం కిందికి దించి, లాప్‌టాప్‌ను తీసుకెళ్లి బీరువాల వెనక నేల మీద పెట్టాడు. ఇద్దరం చతికిలబడి చూశాం. కింది ఎడమ మూలలో గోరంత పసుపు వెలుతురు కనిపించింది. రెండో పెట్టె విప్పమని అడగడానికి మొహమాటపడ్డాను, అతనే విప్పాడు. రెండోదానిలో అదీ లేదు. దుకాణం పేరు అడగకండి, ఆ సాయంత్రం ఆ మనిషికి ఓపిక ఉంది, అంతే. అదే దుకాణంలో మరో రోజు మరొకరు ఎలా ఉంటారో నేను పూచీ పడలేను.

16 అంగుళాలే ఎందుకంటే, దానికీ స్కేలే కారణం. మేము కట్టే పుస్తకాలలో ఎక్కువ భాగం డెమ్మీలో ఎనిమిదో వంతు సైజువి, కత్తిరించాక పేజీ సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. పాత 15.6 అంగుళాల తెర పదహారుకు తొమ్మిది పాళ్లది, దాని ఎత్తు 194 మిల్లీమీటర్లు. డెమ్మీ పేజీ ఎత్తు 216 కనుక అసలు సైజులో పెడితే పైనో కిందనో తెగిపోయేది. కొత్తది పదహారుకు పది పాళ్ల తెర, ఎత్తు 215 మిల్లీమీటర్లు, వెడల్పు 345. టాస్క్‌బారును దాచేస్తే ఎదురెదురు పేజీలు రెండూ అసలు సైజులో, దాదాపు పూర్తిగా, తెరిచిన పుస్తకంలాగా కనిపిస్తాయి. మార్జిన్లు, పేజీ అంకెలు, రెండు పేజీలలో చివరి వరసలు ఒకే మట్టంలో ఉన్నాయా లేదా అన్నవి చూడడానికి ఇంతకు ముందు ప్రింటు తీయవలసి వచ్చేది. ఇప్పుడు చివరి ప్రూఫుకు తప్ప తీయడం లేదు.

ఇక ఎనిమిది నెలల వాడకంలో తేలినవి. ఇంత రిజల్యూషన్ ఉన్న తెరను 100 శాతంలో పెడితే మెనూల అక్షరాలు ఆవగింజల్లా ఉంటాయి కనుక విండోస్ దానంతట అదే స్కేలింగ్‌ను 150 శాతంలో పెట్టింది. నేనూ అక్కడే ఉంచాను. కొత్త సాఫ్ట్‌వేర్లన్నీ దీనికి చక్కగా సర్దుకున్నాయి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ అక్షరాలు ఈ తెర మీద చూశాక, వాటిని పాత తెర మీద చూసి అందవికారంగా ఉన్నాయని తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఇబ్బంది అంతా పాతవాటితోనే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆనాటికి ఇలాంటి తెరలు లేవు కనుక స్కేలింగ్ అంటే దానికి తెలియదు. విండోస్ దానిని బొమ్మలా సాగదీసి చూపిస్తుంది, అక్షరాల అంచులు పొగచూరినట్లు ఉంటాయి. అంత డబ్బు పోసి కొన్న తెర మీద మొదటి రోజు నా పాత పుస్తకాలు పాత తెర కన్నా మసకగా కనిపించడంతో గుండె జారింది. ప్రోగ్రాము గుర్తు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ పేజీకి వెళ్లి, హై డీపీఐ సెట్టింగ్స్‌లో ‘అప్లికేషన్’ అని మారిస్తే పేజీ స్పష్టమవుతుంది, కానీ మెనూలు, పరికరాల గుర్తులు చిన్నవైపోతాయి. అందులోనే ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ అన్నది కొన్ని ప్రోగ్రాములకు మధ్యేమార్గంగా పనిచేస్తుంది, కొన్నింటికి చేయదు. నేను పేజ్‌మేకర్‌ను చిన్న మెనూలతోనే వాడుతున్నాను. ఏ గుర్తు ఎక్కడుందో ఇరవయ్యేళ్లుగా చేతికి తెలుసు కనుక గడిచిపోతోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ ఏర్పాటు నరకం. మీ పని మొత్తం ఇటువంటి పాత సాఫ్ట్‌వేర్లలోనే జరిగేటట్లయితే, 15.6 అంగుళాల మంచి 1920×1080 తెర కొని 100 శాతంలో వాడుకోవడం మేలని నా అభిప్రాయం.

రంగుల విషయంలో ప్రెస్సువారితో వాదం తగ్గింది, పూర్తిగా పోలేదు. తెర వెలుతురుతో చూపించే ఎరుపూ కాగితం మీద సిరాతో వచ్చే ఎరుపూ ఎప్పటికీ ఒకటి కావు. అయినా పసుపు పసుపుగా, కుంకుమ కుంకుమగా కనిపిస్తోంది కనుక నేను అనవసరంగా పెంచడం మానేశాను. కిటికీ పక్కన పొద్దుటి పూట 350 నిట్లు సరిపోతున్నాయి, మెరవని పూత దానికి సాయం చేస్తోంది. నడి ఎండాకాలంలో మాత్రం తెర వేసుకోక తప్పలేదు. నేను చెబుతున్నది కిటికీ తెర గురించి. ఈ యంత్రం సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగలదని పెట్టె మీద గొప్పగా రాశారు. అక్షరాలు దిద్దేవాడికి దానితో పని లేదు. దానిని 60కి తగ్గించి పెట్టుకున్నాను, బ్యాటరీ కొంత నిలుస్తోంది. తెల్లని పేజీలతో, సగం పైన వెలుతురుతో నాకు ఆరు గంటలు వస్తోంది, కంపెనీ చెప్పినదానిలో సగం. కరెంటు పోతే ఒక పూట గడవడానికి అది చాలు.

బరువు రెండు కిలోలకు కొంచెం తక్కువ, ఛార్జరుతో కలిపితే మించుతుంది. నెలకు రెండుసార్లు చిత్తూరులో ఒక ప్రచురణకర్త దగ్గరికి బస్సులో వెళ్లి, వారి ఎదురుగా దిద్దుబాట్లు చేయవలసి ఉంటుంది. పాకాల దాటేసరికి ఒళ్లో సంచి బరువు తెలుస్తుంది. ఈ విషయంలో ఆ 14 అంగుళాల ఓలెడ్ గుర్తుకు రాకుండా ఉండదు. కీబోర్డుకు కుడి పక్కన అంకెల మీటలు ఇచ్చారు, దానివల్ల అక్షరాల మీటలన్నీ ఎడమకు జరిగాయి. అనులో ‘ఆపిల్’ అనే పేరున్న తెలుగు కీబోర్డు పద్ధతిలో చూడకుండా కొట్టే చేతులకు ఇది మొదట్లో చిరాకు తెప్పించింది, రెండు వారాలు ‘క’ కొట్టబోయి మరొకటి కొట్టాను.

లాప్‌టాప్‌కు ఇంత పెట్టే బదులు చవక యంత్రం కొని దానికి పెద్ద మానిటరు తగిలించుకోవచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. చాలామంది కొనే 24 అంగుళాల 1920×1080 మానిటరుకు అంగుళానికి 92 చుక్కలే ఉంటాయి, అంటే నా పాత లాప్‌టాప్ కన్నా తక్కువ. అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయి తప్ప ‘థ’లో చుక్క కనిపించదు. 27 అంగుళాల 4కే (3840×2160) మానిటరు అయితే 163 వస్తుంది. ఇంటి దగ్గరే కూర్చుని పనిచేసేవారికి అది మంచి దారే, నాకు చిత్తూరు బస్సు ఉంది కనుక కుదరలేదు.

పోయిన నెల తిలక్ రోడ్డులో వెళ్తూ ఆ మొదటి దుకాణంలోకి తొంగి చూశాను. కొన్న కొత్తలో ఒకసారి అటు వెళ్లినప్పుడు, చీటీ మీద తెర రిజల్యూషన్, నిట్లు కూడా రాస్తే మావంటి వాళ్లకు ఉపయోగమని ఆ అబ్బాయికి చెప్పి, కాగితం మీద నమూనా కూడా రాసిచ్చాను. బల్ల మీద ఈసారి రెండు 2560×1600 యంత్రాలు ఉన్నాయి. ఒకదాని ముందు ఎవరో కాలేజీ అమ్మాయి తండ్రితో నిలబడి ఉంది. చీటీల మీద ఇంకా ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ధర మాత్రమే ఉన్నాయి.